ఐపీ (దివాలా పిటిషన్) వేయాలనుకుంటున్నారా? వకాలతు మీద సంతకం పెట్టే ముందు చదవండి

"ఐపీ వేస్తే అప్పులన్నీ పోతాయాండీ?" మార్కెట్ పడిపోయిన ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఇది. 2025 మొదట్లో మిర్చి ధర ఎంతగా దిగజారిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. రైతు చేతికి డబ్బు రాకపోతే పురుగుమందుల కొట్టు బాకీ తీరదు. కొట్టాయన డీలరుకు కట్టలేడు. ఆయనకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ఇచ్చినవాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చుంటారు. ప్లాట్ల బేరాలు ఆగినా, చీటీలు వేసే మనిషి చేతులెత్తేసినా వరస ఇదే. కొన్నాళ్లకు సబ్ కోర్టులో ఐపీల ఫైళ్లు పేరుకుంటాయి.

జవాబు ముందే చెప్పేస్తాను. ఐపీ వేసిన రోజున ఒక్క రూపాయి అప్పు కూడా పోదు. అప్పు పోయేది చిట్టచివర కోర్టు డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విముక్తి ఉత్తర్వు, ఇచ్చినప్పుడు. అది కూడా మీరు ఏదీ దాచలేదని కోర్టు నమ్మితేనే. ఊళ్లో "ఐపీ పెట్టి ఎగ్గొట్టాడు" అనే మాట ఎంత పాతుకుపోయినా, చట్టం అడిగేది మాత్రం ఒక్కటే: మీ అప్పులెన్ని, ఆస్తులెన్ని, పూర్తి లెక్క. ఆ లెక్క సరిగా ఉన్నవాళ్లే గట్టెక్కుతారు.

ఏ చట్టం, ఏ కోర్టు

2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అని చాలామంది అడుగుతారు. అందులో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని, కంపెనీ అప్పుకు పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. వాళ్ల దారి ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీ కేసులు చూసే ట్రిబ్యునల్. కిరాణా కొట్టు, కమీషన్ వ్యాపారం, వ్యవసాయం, సొంత అప్పులు, ఇవన్నీ ఉన్న మామూలు మనిషికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. ఆ చట్టం ఎంత పాతదంటే, పిటిషన్ వేయడానికి అప్పు 500 రూపాయలుంటే చాలు. ఆ అంకె ఇప్పటికీ మారలేదు.

పిటిషన్ వేసేది మీరు నివసించే చోట, లేదా వ్యాపారం చేసే చోట. జిల్లాల్లో సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, అంటే జనం సబ్ కోర్టు అనేదానిలో. హైదరాబాద్‌లో సిటీ సివిల్ కోర్టులో.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు

మీ అప్పుల్లో ఎక్కువ భాగం ప్రోనోట్లు, చేబదుళ్లు, ఖాతా బాకీలు అయితే, ఉన్నదంతా అమ్మినా అవి తీరవని తేలితే, ఐపీ గురించి ఆలోచించవచ్చు.

కింది పరిస్థితుల్లో మాత్రం ఆగండి:

- అప్పు ఎక్కువగా ఇంటి తాకట్టు మీదో, బంగారం తాకట్టు మీదో ఉంటే. తాకట్టు పెట్టుకున్నవాళ్ల హక్కును ఐపీ తాకదు. బ్యాంకు ఇల్లు వేలం వేసుకోవచ్చు.
- మీ భయమంతా చెక్ బౌన్స్ కేసు గురించే అయితే. అది క్రిమినల్ కేసు, ఐపీతో ఆగదు. నోటీసు అందిన 15 రోజుల్లోగా కట్టడమో, రాజీకి రావడమో ముందు చూడండి.
- హామీ సంతకం చేసిన బావమరిదిని కాపాడదామని వేస్తుంటే. మీకు డిశ్చార్జి వచ్చినా ఆయన బాధ్యత అలాగే ఉంటుంది. మీరు కోర్టు గుమ్మం ఎక్కగానే అప్పులవాళ్లు ఆయన ఇంటికే వెళ్తారు.
- ప్రభుత్వోద్యోగి అయితే. ప్రవర్తనా నియమావళిలో అప్పులు, దివాలా గురించి నిబంధనలు ఉంటాయి. అవి చూడకుండా ముందుకెళ్లొద్దు.

ఐపీకి ముందు చూడాల్సిన దారులు

బ్యాంకు అప్పయితే వన్ టైమ్ సెటిల్‌మెంట్ అడగండి. ఒప్పందం కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి. సిబిల్‌లో అది "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడుతుంది. తర్వాత లోను దొరకడం కష్టమవుతుంది, అయినా కోర్టు చుట్టూ తిరగడం కంటే నయమే. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. చేస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తేలకపోతే అంబుడ్స్‌మన్‌ ఉంది, సహాయానికి 14448.

ప్రైవేటు అప్పులైతే పెద్దమనుషుల్లో కూర్చోవడం మంచిదే, కానీ రాత లేకుండా లేవొద్దు. కోర్టుకు వెళ్లకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

ఈ ఒత్తిడిలో రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, బతకడం ఎందుకనిపించినా 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అప్పు సివిల్ వ్యవహారం. దానికి ఏదో ఒక దారి ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆధార్, చిరునామా రుజువు
- ఐదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్ని ఖాతాలవీ. మూసేసినవి కూడా.
- వ్యాపారం ఉంటే చిట్టా, ఆవర్జా, బిల్లు పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు
- భూమి, ఇంటి దస్తావేజులు, పాసు పుస్తకం, తాజా ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం)
- కోర్టు నోటీసులు, సమన్లు, డిక్రీలు, జప్తు ఉత్తర్వులు ఏవైనా ఉంటే
- సిబిల్ రిపోర్టు. మీరు మర్చిపోయిన ఫైనాన్స్ కంపెనీ అప్పు ఇందులో బయటపడుతుంది.

లాయరు ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. 15100కు ఫోన్ చేస్తే చెబుతారు.

1. అప్పుల జాబితా రాయండి

పని అంతా దీని మీదే నడుస్తుంది. లాయరు గుమాస్తాకు నోటితో చెప్పి రాయించకండి. ఇంట్లో కూర్చుని మీరే రాయండి. ప్రతి అప్పుకూ ఒక వరస. ఇలా:

"ఏడో నంబరు. ఫలానా వారు, ఫలానా ఊరు, డోర్ నంబరుతో. ప్రోనోటు, ఫలానా తేదీ. అసలు 2,00,000. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. ఇప్పటిదాకా కట్టింది 36,000, అంటే తొమ్మిది నెలల వడ్డీ. హామీ: ఫలానా. కోర్టు కేసు: లేదు."

ఎంత కట్టారో రాయడం చాలామంది వదిలేస్తారు. వదలొద్దు. చాలా నోట్ల మీద అంకె ఒకటి, చేతికొచ్చింది ఒకటి. ముందే వడ్డీ కోసుకుని ఇచ్చి ఉంటారు. అది కూడా రాయండి. ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా పంపినవి స్టేట్‌మెంట్లో దొరుకుతాయి, వాటి తేదీలు పక్కన వేసుకోండి.

చీటీ పాడుకున్న తర్వాత మిగిలిన వాయిదాలు కూడా అప్పే. చిన్నాన్న దగ్గర తీసుకున్న చేబదులూ అప్పే. "మా చిన్నాన్న అడగడులే" అని వదిలేస్తే, రేపు ఆయనకు ఇచ్చిన డబ్బే మీ మీద ఆరోపణ అవుతుంది.

దీనికి ఎదురు తప్పు మరొకటి ఉంది. లేని అప్పులు సృష్టించి చుట్టాల పేర్లు ఎక్కించడం. అప్పులవాళ్ల లాయరు ఆ చుట్టాన్ని బోనులో నిలబెట్టి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మొత్తం పిటిషన్ మీదే నమ్మకం పోతుంది.

2. ఆస్తుల జాబితా

ఉన్నదంతా రాయాలి. పొలం, ఇల్లు, ఉమ్మడి ఆస్తిలో మీ వాటా, బండి, కొట్టులో సరుకు, మీకు రావాల్సిన బాకీలు, షేర్లు, చీటీలో కట్టిన డబ్బు. ప్రతిదానికీ అది ఎక్కడుందో, విలువ ఎంతో వేయాలి.

రాస్తే అన్నీ పోతాయనే భయంతోనే దాస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయకూడదన్నవి రిసీవర్ (మీ ఆస్తి అమ్మి అప్పులవాళ్లకు పంచే కోర్టు అధికారి) చేతికీ వెళ్లవు: కట్టుబట్టలు, వంటసామాను, మంచాలు, పరుపులు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు వ్యవసాయ పనిముట్లు, రైతుగానీ కూలీగానీ తాను ఉంటున్న ఇల్లు, పీఎఫ్, మీ జీవిత బీమా డబ్బు, సంప్రదాయం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీద నుంచి తీయకూడని నగలు. మీ భార్య స్త్రీధనం ఆమెదే, మీ ఆస్తి కాదు. వాటికి బిల్లులుంటే తీసిపెట్టుకోండి. రాసి, "దీనికి మినహాయింపు ఉంది" అని పక్కన చేర్చండి. అంతేగానీ రాయకుండా వదిలేయకండి.

3. గత రెండేళ్లలో ఏం బదలాయించారో చూసుకోండి

ఐపీలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. వేసే ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా ఆస్తిని ఎవరికైనా రాసిచ్చి ఉంటే, మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించాక ఆ బదిలీని కోర్టు రద్దు చేయగలదు. భార్య పేర దాన సెటిల్‌మెంట్, కొడుకు పేర గిఫ్టు డీడు, అన్నీ ఈసీలో కనిపిస్తాయి. అప్పులవాళ్ల లాయరు మొదట తీసేది ఈసీయే.

అలాగే పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్కరికే, సాధారణంగా దగ్గరివాళ్లకే, ముందుగా తీర్చేసి మిగతావాళ్లకు ఎగ్గొట్టారని తేలితే ఆ చెల్లింపు కూడా నిలవదు. ఇప్పటికే అలా చేసి ఉంటే దాచకుండా లాయరుకు చెప్పండి. ఆగి వేయాలా, ఇప్పుడే వేయాలా అన్నది ఆయన తేలుస్తారు.

ఇంటికి తాళం వేసి, ఫోన్ ఆపేసి ఊరు దాటిపోవడం కూడా చట్టం దృష్టిలో దివాలా చర్యే. అలా పోయిన మూడు నెలల్లోపు అప్పులవాళ్లే మీ మీద ఐపీ వేయవచ్చు.

4. పిటిషన్ వేయడం

అప్పులు తీర్చలేనన్న ప్రకటన, రెండు జాబితాలు, ఆస్తులు కోర్టుకు అప్పగించడానికి సిద్ధమన్న మాట, ఇంతకు ముందు ఎప్పుడైనా ఐపీ వేశారో లేదో, ఇవన్నీ ఉండాలి. ధ్రువీకరణ కింద సంతకం మీది. "లాయరు రాసింది నేను చదవలేదు" అన్న మాట కోర్టులో చెల్లదు. ఇంగ్లీషులో ఉంటే ఎవరిచేతనైనా చదివించుకుని, అంకెలన్నీ మీ కాగితంతో సరిచూసుకున్నాకే సంతకం చేయండి.

వేశాక కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోలేరు. బెదిరింపు కోసం వేసి, రాజీ కుదిరాక తీసేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఖర్చులో ప్రధానమైనది లాయరు ఫీజు. దాని తర్వాత ప్రతి అప్పులవాడికీ నోటీసు ఖర్చు. జాబితాలో ముప్ఫై పేర్లుంటే ముప్ఫై నోటీసులు. చిరునామా తప్పయితే నోటీసు తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది. ఏళ్ల తరబడి నానే ఐపీల్లో కారణం చాలాసార్లు ఇంత చిన్నదే.

5. వేసిన నాటి నుంచి ఉత్తర్వు దాకా

నంబరు పడగానే కేసులన్నీ ఆగిపోతాయని ఊళ్లో అంటారు. ఆగవు. మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించే ఉత్తర్వు వచ్చాకే, కోర్టు అనుమతి లేకుండా మీ మీద కొత్త దావా వేయకూడదన్న నిబంధన పనిచేస్తుంది. అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు అడగాల్సింది కూడా ఆ తర్వాతే.

ఈలోగా డిక్రీ అమలులో అరెస్టు నోటీసు వస్తే ఖంగారు పడి పారిపోకండి, హాజరై అభ్యంతరం వేయండి. చేతిలో డబ్బుండీ కావాలని ఎగ్గొట్టినవాళ్లనే జైలుకు పంపాలని, కట్టలేనివాళ్లను కాదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఒకవేళ అరెస్టు చేసినా, నెలలోగా ఐపీ వేస్తానని పూచీ ఇస్తే విడుదల చేసే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 55వ సెక్షన్‌లో ఉంది.

విచారణ రోజు మీరు స్వయంగా రావాలి. ఖాతా పుస్తకాలు తేవాలి. "వ్యాపారంలో నష్టం" అంటే చాలదు. ఎప్పుడు, ఏ సరుకు మీద, ఎంత అని అడుగుతారు. మిర్చి ఏ ధరకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు, ఏ ధరకు అమ్మారు, ఆ బిల్లులు చూపించండి. మీ మాట కంటే అవి బాగా మాట్లాడతాయి.

6. ఉత్తర్వు తర్వాత

మినహాయింపు లేని ఆస్తి అంతా అఫీషియల్ రిసీవర్ చేతికి వెళ్తుంది. ఆయన అమ్మి, అప్పు రుజువు చేసుకున్నవాళ్లకు పంచుతారు. డిశ్చార్జి వచ్చేలోపు వారసత్వంగా వచ్చిన ఆస్తి కూడా దీని కిందకే వస్తుంది. రిసీవర్ పిలిస్తే వెళ్లండి, అడిగింది ఇవ్వండి. పుస్తకాలు చింపేసినా, ఆస్తి దాచినా ఏడాది వరకు జైలు పడవచ్చు.

డిశ్చార్జి కాకుండానే, దివాలాదారునని చెప్పకుండా యాభై రూపాయలుగానీ ఆపైనగానీ అప్పు తీసుకోవడం నేరం. యాభై అంటే నవ్వొస్తుంది, కానీ క్రెడిట్ కార్డు మీద తీసుకునే అప్పు కూడా ఇందులో పడుతుంది. ఎమ్మెల్యే, ఎంపీ, స్థానిక సంస్థల పదవులకూ డిశ్చార్జి అయ్యేదాకా అనర్హత ఉంటుంది.

ఇక్కడ కూడా రాజీకి దారి ఉంది. రుజువైన అప్పులవాళ్లలో సంఖ్యలో సగానికి పైగా, అప్పు విలువలో మూడొంతులవాళ్లు (నాలుగింట మూడు వంతులు) మీ ప్రతిపాదనకు ఒప్పుకుంటే, కోర్టు ఆమోదంతో అది అందరికీ వర్తిస్తుంది.

7. డిశ్చార్జి దరఖాస్తు

ఉత్తర్వులోనే "ఇన్ని నెలల్లో డిశ్చార్జికి దరఖాస్తు చేయాలి" అని రాసి ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాసుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. అప్పులవాళ్ల గోల తగ్గగానే చాలామంది లాయరు దగ్గరికి వెళ్లడం మానేస్తారు. గడువు దాటితే కోర్టు దివాలా ఉత్తర్వునే రద్దు చేయవచ్చు. అప్పులన్నీ మళ్లీ మొదటికి వస్తాయి, రెండోసారి ఐపీ వేయడానికి కోర్టు అనుమతి కావాలి.

రూపాయికి అర్ధ రూపాయి కూడా రానంత తక్కువ ఆస్తి ఉంటే, అది మీ తప్పు వల్ల జరగలేదని చూపించాలి. పంట నష్టం, ధరల పతనం, ఇంట్లో పెద్ద జబ్బు, ఏదైతే దానికి కాగితం. జూదం, అడ్డగోలు ఖర్చు, తీర్చలేనని తెలిసీ కొత్త అప్పులు చేయడం బయటపడితే పూర్తి డిశ్చార్జి రాదు.

వచ్చినా కొన్ని పోవు: ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసం చేసి తెచ్చుకున్న అప్పు, భార్యాపిల్లలకు కోర్టు వేసిన భరణం.

కేసు సరిగా నడుస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

లాయరుకు ఫోన్ చేసి "ఏమైందండీ" అని అడగడంతో ఆగకండి. పిటిషన్‌కు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు వస్తుంది. ఫోన్లో ఈకోర్ట్స్ యాప్‌లో అది వేస్తే వాయిదా తేదీ, ఆ రోజు కోర్టులో ఏం జరిగిందీ కనిపిస్తాయి. "నోటీసు తిరిగి వచ్చింది" అని రెండు వాయిదాల్లో కనిపిస్తే ఆ చిరునామా మీరే వెళ్లి కనుక్కోండి. "డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్" (హాజరు కానందుకు కొట్టేశారు) అని కనిపిస్తే ఆ రోజే లాయరు దగ్గరికి వెళ్లండి.

దివాలా ఉత్తర్వు, డిశ్చార్జి ఉత్తర్వు రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఏళ్ల తర్వాత ఎవరైనా పాత నోటు పట్టుకుని దావా వేస్తే చూపించాల్సింది అవే.

మీకే ఐపీ నోటీసు వస్తే

అప్పిచ్చినవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా. నోటీసు చూసి "ఇక మన డబ్బు పోయింది" అని వదిలేయకండి. హాజరై కౌంటర్ వేయండి. అవతలివాళ్ల పేరు మీదా, ఇంట్లోవాళ్ల పేర్ల మీదా ఈసీలు తీసి, రెండేళ్లలో మారిన ఆస్తులుంటే కోర్టు ముందు పెట్టండి. ఉత్తర్వు వచ్చాక మీ అప్పును అఫిడవిట్‌తో రుజువు చేసుకోండి, లేకపోతే పంపకంలో మీ పేరుండదు.

ప్రోనోటుకు గడువు మూడేళ్లు. ఐపీ పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన ఆ గడియారం ఆగదు. ఆగేది దివాలా ఉత్తర్వు తేదీ నుంచి, అది తర్వాత రద్దయితే ఆ రద్దు దాకా గడిచిన కాలానికి మాత్రమే. కాబట్టి ఉత్తర్వు ఇంకా రాలేదు, గడువు దగ్గర పడింది అంటే దావా వేసేయండి. నోటు వెనక వడ్డీ జమ రాసి సంతకం చేయించుకున్న తేదీ ఉంటే మూడేళ్లు అక్కడి నుంచి లెక్క, కానీ ఆ జమ మొదటి మూడేళ్లలోపు పడి ఉండాలి.